కంప్యూటరు పెట్టెలో తీగల పొందిక

రేడియో వెనుక అట్టను విప్పి చూచిన అలవాటు మన పాతతరము వారిలో అనేకులకు కలదు. వాల్వుల వేడి వెలుపలికి పోవుటకై ఆ అట్టకు వరుసగా రంధ్రము లుండెడివి. యంత్రమునకును గాలి కావలయునను సంగతిని మన యిండ్లకు తెలిపినవి ఆ రంధ్రములే. నేడు బల్లక్రింద నుండు కంప్యూటరు పెట్టెకును ఈ న్యాయమే వర్తించును. ఆ పెట్టెలోని తీగలను ఎట్లు సర్దుకొనవలయునో, అందుకై పెట్టెను ఏ మేరకు మార్చుకొనవచ్చునో, మా అనుభవమునుబట్టి ముచ్చటింతుము.

వరంగల్లు విద్యార్థుల పట్టణము. 1959లో ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలయు, 1976లో కాకతీయ విశ్వవిద్యాలయమును వెలసిన నాటినుండి చదువులకై ఇచటికి వచ్చువారు పెరిగిరి. హనుమకొండలోని మా యింటను మేనకోడలొకతె ఉండి చదువుకొనుచున్నది. మొన్నటి వేసవిలో, ఎండ నలుబది డిగ్రీలు దాటిన దినములలో, ఆమె పరిశోధన వ్యాసము వ్రాసికొను కంప్యూటరు తనంతట తానే ఆగిపోసాగెను. ఒకనాటి రాత్రి వ్రాసిన అధ్యాయములో సగము పోయినది. మరమ్మతు చేయువాడొకడు చూచి, "ఇది పాతబడినది; పెట్టెతో సహా అంతయు మార్చుకొనుడు" అని చెప్పి పోయెను. అంత సొమ్ము మా చేత లేదు. వ్యాసము నొప్పగించుటకు మూడు వారములే గడువు.

పెట్టె ప్రక్కరేకు విప్పితిమి. లోపల తీగలు చిక్కుపడి, దుమ్ము పేరుకొని యున్నవి. వానిలో నొక తీగ జారి ప్రాసెసరుమీది పంకాను ఆనుకొని యుండెను. పంకా కొంతసేపు తిరుగును, కొంతసేపు ఆగును. పంకా ఆగినప్పుడు ప్రాసెసరు వేడెక్కును. వేడి మితిమీరినచో అది మొదట తన వేగమును తగ్గించుకొనును; అప్పటికిని చల్లబడనిచో, కాలిపోకుండుటకై యంత్రమే ఆగిపోవును. పాతబడుట కాదు, అడ్డుపడిన తీగయే మా కష్టమునకు కారణము.

ఆ తీగను ప్రక్కకు త్రోసిన అప్పటికి చాలును. కాని మరల జారకుండుటెట్లు? కొత్త పెట్టెలలో మదర్‌బోర్డును బిగించు రేకునకు రంధ్రములుండును. తీగలు వానిగుండా రేకు వెనుకకు పోయి, కావలసిన చోట ముందునకు వచ్చును. మా పాత పెట్టెకు ఆ వసతి లేదు. ఐనను దానిని పారవేయ పనిలేదు. 1995లో ఇంటెల్ సంస్థ వెలువరించిన ఏటీఎక్స్ అను ప్రమాణము, మదర్‌బోర్డు 305 మిల్లీమీటర్ల పొడవు, 244 మిల్లీమీటర్ల వెడల్పు ఉండవలయునని, మరలు బిగించు తావులు ఇవియని నిర్ణయించినది. ఆ కొలతలు నేటికిని చెల్లుచున్నవి. కావున ఆ ప్రమాణమునకు లోబడిన పాత పెట్టెలో కొత్త బోర్డును సాధారణముగా ఇముడును. కావలసినది రెండు రంధ్రములే.

ముందుగా మీట ఆపి, ప్లగ్గును గోడనుండి తీసి, పెట్టెమీది మీటను కొన్ని క్షణములు నొక్కి పట్టవలయును. పవర్ సప్లై డబ్బాను మాత్రము ఎన్నడును విప్పరాదు. ప్లగ్గు తీసిన పిమ్మటను దాని కెపాసిటర్లలో ప్రాణాపాయకరమైన విద్యుత్తు నిలిచి యుండవచ్చును.

పిదప బోర్డు తన స్థానములో నుండగానే, 24 పిన్నుల తీగ తగులుకొను తావునకు ఎదురుగా, బోర్డు అంచునకు ఆవలనున్న రేకుమీద గుర్తు పెట్టితిమి. ప్రాసెసరుకు విద్యుత్తు తెచ్చు తీగకై పైమూలన మరియొక గుర్తు. 24 పిన్నుల కొన సుమారు 5 సెంటీమీటర్ల పొడవుండును. అది దూరనిచో రంధ్రము వలన ఫలము లేదు. రేకునకును, దాని వెనుకనున్న ప్రక్కతలుపునకును నడుమ సందు కూడ కొలువవలయును. ఒకటిన్నర సెంటీమీటరైనను లేనిచో తీగలు ఇమడక తలుపు ఉబ్బును.

అనంతరము బోర్డు, డిస్కు, పవర్ సప్లై అన్నింటిని బయటికి తీసి, వట్టి పెట్టెను ఇనుప తలుపులు చేయు వెల్డింగు దుకాణమునకు కొనిపోయితిమి. వారు కళ్లకు అద్దములు పెట్టుకొని, రేకును కదలకుండ బిగించి, రెండు రంధ్రములు తొలిచి యిచ్చిరి. అంచులను మేము ఆకురాయితో నున్నగా రుద్దితిమి.

కాకతీయ గణపతిదేవుని కాలమునాటి పాఖాల చెరువు మన ప్రాంతము వారెరిగినదే. చెరువుకట్టకు తూము పెట్టువాడు పొలమున్న దిక్కు చూచి పెట్టును. తూమునకు రాతికట్టడము చేయును. లేనిచో నీటి యొరపిడికి కట్ట కరగును. రేకులోని రంధ్రమును అట్టిదే. ఐతే ఇచట అరుగునది కట్ట కాదు, తీగ. పదునైన అంచు తీగపైని తొడుగును కోసినచో విద్యుత్తు పెట్టెకే తగులును. అందుచే రంధ్రపు అంచునకు రబ్బరు తొడుగు తప్పక వేయవలయును.

అన్నియు మరల బిగించి మీట నొక్కబోవుచుండగా మేనకోడలు మా చేయి పట్టుకొని, "మామయ్యా, ఆగుము. అచట మెరయుచున్నదేమి?" అనెను. బోర్డు అంచుక్రింద నువ్వుగింజంత ఇనుప పొట్టు! తుడిచితిమనుకొన్న పెట్టెలో మిగిలినది. అది రెండు పిన్నులకు నడుమ పడియున్నచో బోర్డు నిమిషములో చెడిపోయెడిది. మరల అంతయు విప్పి, తడిగుడ్డతో మూలమూలలను తుడిచి, పూర్తిగా ఆరిన పిమ్మటనే బిగించితిమి. ఆ సాయంకాలము మా తొందరకు తగిన పాఠమైనది.

తీగలు సర్దినంతనే పెట్టె చల్లబడునను మాటను మేము నమ్మము. సన్నని తీగలు గాలిని అడ్డగించుట స్వల్పమే. ముందునుండి చల్లని గాలి లోనికి వచ్చుటయు, వెనుకనుండి వేడిగాలి పోవుటయు, జాలి మీది దుమ్మును అప్పుడప్పుడు తుడుచుటయు ముఖ్యము. తీగల పొందిక వలన కలుగు మేలు వేరు. తీగ పంకాలో పడదు. ఏ తీగ ఎచటికి పోవుచున్నదో కంటికి కనబడును. చెడినదానిని గుర్తించి, అదొక్కటే మార్చుకొనవచ్చును. అందుకే తీగలను గట్టిగా బిగించక, విప్పి మరల కట్టుకొనదగిన వెల్క్రో పట్టీలతో కట్టి, కొనలకు పేర్లు వ్రాసిన చీటీలు అంటించితిమి.

వ్యాసము గడువులోపల ముగిసినది. పెట్టె నేటికిని మా బల్లక్రిందనే పనిచేయుచున్నది. "పాతబడినది" అని ఎవరైన చెప్పినచో, ఆ మాట నమ్ముటకు ముందు ప్రక్కరేకు విప్పి ఒకమారు లోపలికి చూడుడని శ్రోతలకు మా మనవి.