పొద్దుతిరుగుడు చేను బాగుండాలంటే ఊరి గట్లు బాగుండాలి
(హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుతిరుగుడు 90 రోజుల్లో చేతికొచ్చే పంట. మన ఎర్రనేలల్లో, బోరులో ఉన్న కొద్దిపాటి నీళ్లతో నాలుగు తడులిచ్చి పండించుకోవచ్చు. వేరుశనగ ఒక్కదాన్నే నమ్ముకుని ఏటా దెబ్బతింటున్న మనకు ఇది రెండో దారి. అయినా మన చేలల్లో ఈ పువ్వు తగ్గిపోతోంది. కారణాలు రెండు: ఒకటి తెగులు, రెండోది ధర.

ముందు తెగులు సంగతి. 1997లో మన పక్కనే ఉన్న బాగేపల్లి దగ్గర పొద్దుతిరుగుడులో నెక్రోసిస్ తెగులు కనబడింది. ఆకు ఈనెల వెంట మాడుతుంది, కాండం నల్లబడుతుంది, మెడ మెలిపడి పువ్వు విచ్చుకోదు. 2000 ఖరీఫ్‌లో అనంతపురం జిల్లా వేరుశనగను కాండం కుళ్లు రూపంలో ముంచింది కూడా ఈ వైరస్సే. 2 లక్షల హెక్టార్లకు పైగా దెబ్బతింది. నష్టం 300 కోట్లు దాటిందని శాస్త్రవేత్తలు లెక్కగట్టారు.

ఈ వైరస్ దాక్కునేది వయ్యారిభామలో. పొద్దుతిరుగుడు, వయ్యారిభామ రెండూ చామంతి కుటుంబంలోవే. ఒకటి మనకు నూనె ఇస్తుంది, ఇంకొకటి మన కొంప ముంచుతుంది. వయ్యారిభామలో వైరస్ ఉన్నా మొక్క పచ్చగానే కనబడుతుంది. దాని పుప్పొడి గాలికి వచ్చి మన పైరు ఆకుల మీద పడుతుంది. తామర పురుగులు ఆకును గీకినప్పుడు ఆ గాయంలోంచి వైరస్ లోపలికి పోతుంది. ఒకసారి సోకిన మొక్కకు మందు లేదు. దుకాణంలో ఎవరేమి చెప్పినా డబ్బులు పారబోసుకోవద్దు.

చేయాల్సింది విత్తే ముందే చేయాలి. కిలో విత్తనానికి 5 గ్రాముల ఇమిడాక్లోప్రిడ్ పట్టించండి. చేను చుట్టూ మూడు నాలుగు సాళ్లు జొన్న వేయండి, పుప్పొడికి, పురుగుకు అది అడ్డుగోడ. వేరుశనగ చేను పక్కనే పొద్దుతిరుగుడు గానీ బంతి గానీ పెట్టవద్దు. అన్నిటికన్నా ముఖ్యం, వయ్యారిభామను పూతకు రాకముందే పీకాలి. పూత వచ్చాక పీకితే పుప్పొడిని మనమే దులిపినట్టు.

అయితే నా గెనెం నేను శుభ్రం చేసుకుంటే సరిపోదు. రోడ్డు పక్క, చెరువు కట్ట మీద, బీడులో ఉన్నదాన్ని ఎవరు పీకాలి? పంచాయతీ పీకించాలి. తొలకరి పడిన నెలలోపే ఉపాధి కూలీలతో ఈ పని చేయించాలని ప్రతి ఊరి నుంచి అర్జీ పెట్టాలి. చేతులకు తొడుగులు ఇవ్వమనాలి, ఆ మొక్క తగిలితే దురదలు, ఆయాసం వస్తాయి.

గింజ సంగతి కూడా చెప్పుకోవాలి. తాలు గింజలు పోవాలంటే చుట్టూ ఉన్న పసుపు రేకులు విచ్చుకునేటప్పుడు లీటరు నీటికి 2 గ్రాముల బోరాక్స్ కలిపి చల్లండి. పూత దశలో పొద్దున పూట చేతికి మెత్తటి గుడ్డ చుట్టుకుని, రోజు విడిచి రోజు పువ్వుల మీద సుతారంగా రుద్దండి. తేనెటీగలు చేసే పని అదే. కాబట్టి పూత మీద పురుగుమందు కొట్టి వాటిని చంపుకోవద్దు.

ఇక ధర. 2025-26కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 7,721 రూపాయలు. కొనేవాడు లేకపోతే అది కాగితం మీది అంకె. మన దేశం వాడే పొద్దుతిరుగుడు నూనెలో ఎక్కువ భాగం రష్యా, ఉక్రెయిన్ వంటి దేశాల నుంచి వస్తోంది. 2024 సెప్టెంబరులో ముడి నూనెపై దిగుమతి సుంకాన్ని 5.5 నుంచి 27.5 శాతానికి పెంచారు. ఏడాది తిరగకముందే, 2025 మే చివర్లో, 16.5 శాతానికి దించారు. సుంకం దించిన ప్రతిసారీ ఆ బరువు మన గింజ మీదే పడుతుంది. నూనె కొనుక్కునే పేదవాడికి చౌకగా ఇవ్వాలంటే రేషన్‌లో ఇవ్వండి, రైతు ధర కోసి కాదు.

అందుకే మన డిమాండ్లు మూడు. కోతలకు ముందే హిందూపురం, పెనుకొండ, ధర్మవరంలో కొనుగోలు కేంద్రాలు తెరవాలి. విత్తనం సబ్సిడీ మీద, అదును తప్పకుండా ఇవ్వాలి. వయ్యారిభామ నిర్మూలన ప్రభుత్వ పనిగా చేపట్టాలి.

గట్ల మీద కలుపు మనం కలిసి పీకుదాం. ధర కోసం కలిసి కొట్లాడుదాం. ఈ రెండూ ఒంటరి రైతుతో అయ్యే పనులు కావు.