తామరాకు చెప్పిన ఓడ పాఠం



బెంగళూరుకు సముద్రం లేదు. సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్న ఊరది. అక్కడ కూర్చుని ఓడల గురించి ఆలోచించడమేమిటని మీకు అనిపించవచ్చు. కానీ ఓడను వెనక్కి లాగే నీటి గుణం తెలుసుకోవాలంటే సముద్రమే ఉండనక్కరలేదు, ప్రయోగశాలలో ఒక సన్నని నీటికాలువ చాలు.

ముందు ఈ సంగతి మనకెందుకో చూద్దాం. పరిమాణం లెక్కన ప్రపంచ వాణిజ్యంలో 80 శాతానికి పైగా సరుకు ఓడల మీదే సాగుతుంది. మన వంటింటి పామాయిల్‌లో చాలా భాగం ఓడ దిగి వచ్చినదే. ఓడల ఇంధనంలో గంధకం 3.5 శాతం వరకు ఉండవచ్చన్న పరిమితిని 2020 జనవరి 1 నుంచి 0.5 శాతానికి దించారు. పొగలో విషం తగ్గింది. బొగ్గుపులుసు వాయువు మాత్రం అలాగే ఉంది. అది తగ్గాలంటే, ఓడ తాగే నూనె తగ్గాలి.

నిదానంగా సాగే పెద్ద సరుకు ఓడకు ఎదురయ్యే నిరోధంలో సగానికి పైగా నీటి ఒరిపిడే. దీన్ని తప్పించే ఉపాయం మన చెరువులోనే ఉంది. తామరాకు మీద నీటిబొట్టు అంటకుండా దొర్లిపోతుంది కదా! ఆకు మీద కంటికి కనబడని బొడిపెలు ఉంటాయి. వాటి సందుల్లో గాలి చిక్కుకుని ఉంటుంది. ఓడ అడుగునూ అలా తయారుచేస్తే, నీరు గాలి మీద జారిపోదా?

బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో ఆచార్యులు రఘురామన్ గోవర్ధన్, ఎం.ఎస్. బాబ్జి, వారి సహచరులు ఇలాంటి ఉపరితలాలనే పరీక్షించి 2009లో ఫలితాలు ప్రకటించారు. సమయం గడిచేకొద్దీ ఆ గాలి తరిగిపోతుంది, దానితోపాటే జారుడూ తగ్గుతుంది అని తేలింది.

గోలీసోడా గుర్తు తెచ్చుకోండి. గోలీ నొక్కగానే బుస్సున పొంగే వాయువు, అంతవరకూ ఒత్తిడికి లొంగి నీటిలో కరిగి ఉన్నదే. ఓడ అడుగున జరిగేది దీనికి తిరగేసిన కథ. పది మీటర్ల లోతున ఒత్తిడి పైనున్న దానికి రెట్టింపు. అక్కడ చిక్కిన గాలి నీటిలో కరిగిపోతుంది.

అందుకే మరో దారిగా ఓడ అడుగుకు గాలిబుడగలు పంపుతున్నారు. జపాన్ ఓడ 'యమతాయ్' 2010లో ఆ ఏర్పాటుతోనే నీటిలోకి దిగింది. అయితే గాలి పంపడానికీ శక్తి కావాలి. మిగిలినదెంత, ఖర్చయినదెంత అన్న లెక్క చూసుకోక తప్పదు.

ఈసారి విశాఖ తీరాన నిలబడి దూరాన ఓడను చూసినప్పుడు, నీటి కింద కనబడని ఆ ఒరిపిడిని కూడా ఒకసారి తలచుకోండి.