ముగ్గును గుర్తుపడుతుంది, వేయలేకపోతుంది



ఒక తొమ్మిదేళ్ల పాప ఉందనుకోండి. ఇంటికి ఎవరొచ్చినా ఎదురెళ్లి పలకరిస్తుంది. మీ మనవడికి జ్వరం తగ్గిందా అని, కిందటిసారి మాట గుర్తుపెట్టుకుని మరీ అడుగుతుంది. అదే పాపకు నాలుగు రంగు దిమ్మెలిచ్చి, ఈ బొమ్మలో ఉన్నట్టు పేర్చమ్మా అంటే చేతులు ఆగిపోతాయి. బొత్తాం పెట్టుకోవడం కష్టం. మెట్లు దిగేటప్పుడు ఒక్కో మెట్టూ కాలితో తడుముకుంటుంది. మాటల్లో అంత తెలివి ఉన్న పిల్ల ఇది చేయలేదా, మొండితనం కాకపోతే అంటారు ఇంట్లో పెద్దలు. మొండితనం కాదు.

దీన్ని విలియమ్స్ సిండ్రోమ్ అంటారు. 1961లో న్యూజిలాండ్ గుండె వైద్యుడు విలియమ్స్, మరుసటి ఏడాది జర్మనీలో బాయ్‌రెన్ దీన్ని వర్ణించారు. ఇది ముందుగా గుండె వైద్యుల కంట పడటానికి కారణముంది: వీరిలో చాలామందికి గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమని మొదట్లోనే ఇరుకుగా ఉంటుంది. అసలు సంగతి 1993లో బయటపడింది. ఏడో క్రోమోజోము జతలో ఒకదాని నుంచి చిన్న ముక్క ఊడిపోతుంది. దాంతోపాటు సుమారు పాతిక జన్యువులు పోతాయి. రక్తనాళాలకు సాగే గుణమిచ్చే ఎలాస్టిన్ జన్యువు వాటిలో ఒకటి. చాలా కుటుంబాల్లో ఇది ఆ బిడ్డతోనే కొత్తగా మొదలవుతుంది. తల్లి గ్రహణం వేళ బయటికి వెళ్లినందుకు వచ్చింది కాదు. ఈ మాట నవ్వులాటకు అనడం లేదు, ఆ నింద ఇప్పటికీ తల్లుల మీదే పడుతోంది. నార్వేలో వేసిన లెక్క ప్రకారం 7,500 మందిలో ఒకరికి ఉంటుంది.

ఇక దిమ్మెల దగ్గరికి వద్దాం. అమెరికాలోని సాల్క్ సంస్థలో ఉర్సులా బెలూజీ ఈ పిల్లలతో ఎన్నో ఏళ్లు పనిచేశారు. చిన్న చిన్న ‘వై’ అక్షరాలతో కూర్చిన పెద్ద ‘డి’ అక్షరాన్ని చూపించి గీయమన్నారు. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారు పెద్ద ‘డి’ గీసి లోపలి వివరాలు వదిలేశారు. విలియమ్స్ సిండ్రోమ్ ఉన్నవారు ‘వై’లు గీశారు గానీ అవి కాగితమంతా చెల్లాచెదురయ్యాయి. వీరికి చెట్లే తప్ప అడవి కనిపించదని చాలాకాలం అనుకున్నాం. తర్వాత బ్రిటన్‌లో ఎమిలీ ఫారన్ బృందం చూస్తే, గీయమనకుండా గుర్తుపట్టమని అడిగినప్పుడు వీరికి పెద్ద అక్షరమూ బాగానే కనిపించింది. కనిపించిన ఆకారాన్ని ముక్కముక్కగా మళ్లీ కట్టేటప్పుడే తెగుతోంది. చుక్కల ముగ్గు చూసి ఇది తామరపువ్వు అనగలరు. చుక్కలు పెట్టిచ్చి కలపమంటే గీత ఎటు తిరగాలో తోచదు.

బార్బరా లాండౌ జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ఇంకొక పరీక్ష చేశారు. చీకట్లో నడిచే మనిషి కీళ్ల దగ్గర దీపపు చుక్కలు మాత్రమే కనిపిస్తాయి. ఆ కదిలే చుక్కల్లో మనిషిని పట్టుకోవడం మనకే వింతగా ఉంటుంది, ఈ పిల్లలు దాన్ని చక్కగా పట్టుకున్నారు. లండన్‌లో జానెట్ అట్కిన్సన్ బృందం పోస్టు డబ్బాకు ఉండేలాంటి సన్నని చీలిక పెట్టింది. చేతిలోని అట్టను చీలిక వాలుకు సరిపోయేలా తిప్పి చూపమంటే కొంత నయం. దాన్ని అందులో వేయమంటే ఎక్కువగా తడబడ్డారు.

మెదడులో చూపు రెండు దారుల్లో పోతుందని చెబుతారు: అదేమిటో పోల్చుకునేది కిందిదారి. అది ఎక్కడుందో, చెయ్యి ఎలా చాపాలో చూసేది పైదారి, నడినెత్తి వైపు వెళుతుంది. 2004లో అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ పరిశోధకులు, విలియమ్స్ సిండ్రోమ్ ఉండీ సాధారణ తెలివితేటలున్న కొందరి మెదళ్లను స్కాన్ చేశారు. ఆ పైదారిలో ఒకచోట మెదడు పదార్థమూ తక్కువే, దాన్ని ఆనుకుని పనీ తక్కువే. మొత్తం బుద్ధి తక్కువ కాబట్టి దిమ్మెలు పేర్చలేరన్న వాదనకు ఇది గట్టి జవాబు.

ఇంతకీ ఏ జన్యువు? 1996లో లిమ్‌కే1 అనే జన్యువు మీద వేలు పెట్టారు. పత్రికలకు పండగే. తర్వాత ఆ జన్యువు పోయినా దిమ్మెలు బాగా పేర్చినవారు దొరికారు. ఒక జన్యువు, ఒక తెలివి అన్న లెక్క ఇక్కడ కుదరదు. టర్నర్ సిండ్రోమ్ చూడండి. ఆడపిల్లల్లో ఒక ఎక్స్ క్రోమోజోము పూర్తిగానో కొంతగానో లేకపోతే వస్తుంది. మాట బాగుంటుంది. పటాలు, కొలతలు, లెక్కలు చాలామందికి కష్టం. జన్యువులు వేరైనా ఇబ్బంది ఇటే తిరుగుతోంది. పైదారి ఎదిగే వయసులో సులువుగా దెబ్బతింటుందని అట్కిన్సన్ వాదం. నాకు అది నమ్మదగ్గదిగానే అనిపిస్తుంది.

తల్లిదండ్రులకు ఒక మాట. బుద్ధి పరీక్ష చేయించి ఐక్యూ ఇంత అని ఒకే అంకె రాసిస్తే ఊరుకోకండి. మాటల భాగంలో ఎంత, దిమ్మెల భాగంలో ఎంత అని విడివిడిగా అడగండి. సగటు తీస్తే ఈ పిల్లల బలమూ బలహీనతా రెండూ మాయమవుతాయి. నిర్ధారణ అయ్యాక ముందు గుండె పరీక్ష, అది వాయిదా వేసే పని కాదు.

దారి నేర్పేటప్పుడు పటం గీసివ్వకండి. ఫారన్ బృందం 2010లో నిజమైన వీధుల్లోనే నడిపించి చూసింది. మలుపు మలుపుకూ గుర్తును మాటల్లో చెప్పినప్పుడు దారి బాగా నిలిచింది. ‘రావిచెట్టు దగ్గర పాల డెయిరీ వైపు తిరగాలి’ అని పాప చేతనే పైకి అనిపించండి. అడ్డదారి మాత్రం ఆశించకండి. నడిచిన దారి వచ్చినా, ఒక గుర్తుకు మరో గుర్తు ఎటు ఉందో చెప్పడం వీరికి కష్టమేనని ఆ నడకల్లోనే తేలింది. అందుకే రోడ్డు తవ్వి దారి మళ్లించిన రోజున పక్కన ఒకరు ఉండాలి. ఆ కొత్త దారిని మళ్లీ మొదటి నుంచి మాటల్లో నేర్పాలి.