దిడ్డి
(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠం)



కోటల ద్వారాల గురించి మాట్లాడమన్నారు. నేను ఒక్క మాట పట్టుకుని వచ్చాను. ఆ మాట దిడ్డి. పెద్ద కోటతలుపులోనే మనిషి వంగి దూరేటంత చిన్న తలుపు ఒకటి ఉంటుంది చూశారూ, అదీ దిడ్డి. మన పిల్లలకు అన్నీ గేట్లే. తప్పు వారిది కాదు. మన ఫ్లాట్లకు సింహద్వారమెక్కడిది, గడప ఎక్కడిది? వస్తువు కంటికి కనబడకపోతే మాట నోట నిలవదు.

అయితే ఆ వస్తువు ఒమన్‌లో కావలసినంత ఉంది. నిజ్వా కోటకు వెళ్ళండి. 17వ శతాబ్దం మధ్యలో ఇమాము సుల్తాన్ బిన్ సైఫ్ కట్టించాడు. 12 ఏళ్ళు పట్టిందంటారు. బురుజు పైకి ఇరుకు మెట్లు, మలుపుల్లో దళసరి తలుపులు, వాటి పైన కప్పులో రంధ్రాలు. తలుపు దగ్గర చిక్కుకున్న శత్రువు నెత్తిన మరిగే ఖర్జూరపు పాకం పోసేవారట. బెల్లప్పాకం చేతిమీద చిందితే ఎలా ఉంటుందో మన ఆడవారిని అడగండి! ఈ దేశపు కోటల పెద్ద తలుపుల్లో దిడ్డి మామూలే. దిడ్డిలో దూరేవాడు తల వంచాలి, ఒక్కొక్కడుగా రావాలి, కత్తి ఎత్తడానికి వీలుండదు. పిల్లవాడికి ఒకసారి తల తగిలిందా, ఆ మాట ఇక మరచిపోడు.

ఇనుపపని కూడా చూపించండి. గోల్కొండ దర్వాజాలకు ఏనుగులు తలతో కుమ్మకుండా వాడి ఇనుపమేకులు దిగ్గొట్టారు. ఏనుగులు లేని ఒమన్‌లో చీలల తలలు చాలావరకు గుండ్రంగా, ముగ్గుచుక్కల్లా వరుస తీరి ఉంటాయి. ఇక్కడ టేకు పెరగదు. కలప మన పశ్చిమతీరం నుంచి పడవల్లో వచ్చేది. మస్కట్ పాతనగరపు ద్వారాలను 1970 దాకా రాత్రిపూట మూసేవారు. ఆపైన వీధిలో నడిచేవాడు లాంతరు పట్టుకోవలసిందే.

మన ఓరుగల్లు కోట సంగతి వేరు. కాకతీయులు 13వ శతాబ్దంలో నిలిపిన నాలుగు రాతితోరణాలు, పైన హంసలు. నడుమ ఉన్న గుడి శిథిలమైంది, నాలుగు దిక్కులా వాకిళ్ళు మిగిలాయి. 2014లో ఆ తోరణం తెలంగాణ రాజముద్రకెక్కింది. తరగతిలో దాని బొమ్మ చూపితే ఒక పాప, "దీనికి దిడ్డి ఏదండీ మాస్టారూ?" అంది. నేను నోరు తెరిచేలోగా వెనక బల్లమీది కుర్రవాడు అందుకున్నాడు: "తలుపే లేదుగా, దిడ్డి ఎక్కడ పెడతారు?"