ముద్ర పోయిన మంత్రి



మన భూముల లెక్కలు 2020లో ధరణికిని, 2025లో భూభారతికిని చేరినవి. నాడు పహాణీ పెట్టెకు ఒక తాళము చాలెను. నేడు కోటగిరిలో ఫోనుపై అడిగిన వివరము ఎన్నో యంత్రములు దాటి వచ్చును. దారిలో ఇతరులు చదువకుండుట ఎట్లు? పంపినవాడు వాడేయని నమ్ముట ఎట్లు? ఈ ప్రశ్నలు ప్రాచీనములే.

వారణావతమునకు పోవు ధర్మరాజునకు విదురుడు చెప్పిన గూఢోక్తి చెంతనున్న కుంతికిని బోధపడలేదు. అది గోప్యత. హనుమ సీతకు చూపిన ఉంగరము గుర్తింపు. 2018లో ప్రకటితమైన టీఎల్‌ఎస్ 1.3 పద్ధతి ఈ రెంటిని నెరవేర్చును. ఉభయ యంత్రములును ఆ సంభాషణకు మాత్రమే చెల్లు రహస్యపు తాళపుచెవిని కల్పించుకొనును. ఆవలి యంత్రము తన ధ్రువపత్రమును చూపును. దారిలో ఒక్క అక్షరము మార్చినను పట్టుబడును.

అయితే ఆ తాళము దారిని కాచునే గాని, ఆవలివాని మంచితనమునకు పూచీపడదు. మోసగాడును ఇంచుమించు అదే పేరుతో ధ్రువపత్రము పొందగలడు. కావున చిరునామాను అక్షరమక్షరము చదువవలెను.

ముద్రారాక్షస నాటకమున రాక్షసమంత్రి ఉంగరము చాణక్యుని చేత పడెను. కపటలేఖపై ఆ ముద్రను చూచి మలయకేతువు తన మంత్రినే వెడలగొట్టెను. ముద్ర నిజమైనదే, వేసిన చేయి వేరు. ఓటీపీ మన ముద్రిక. ఫోనులో అడిగినవానికి చెప్పితిమా, తాళములన్నియు వ్యర్థము. సొమ్ము పోయినచో తక్షణమే 1930కు తెలుపుడు.

చదువురానివారు సంకోచింపక గ్రంథాలయమునకు రండు, చదివి చెప్పెదము. ఓటీపీ మాత్రము మాకును చెప్పవలదు.