చేతిలో రాయి పెట్టాకే హెడ్‌సెట్

 

శ్రీకాళహస్తిలో పెరిగిన మనం తిరుమల ఘాట్ రోడ్డు ఎన్నిసార్లు ఎక్కి దిగామో లెక్కలేదు. ఆ కొండవాలులో కింద గ్రానైట్, దాన్ని ఆనుకుని పైన క్వార్ట్‌జైట్ ఉంటాయి. రెండింటి మధ్య ఎడం కోట్ల ఏళ్ళు. గ్రానైట్ బయటపడి ఎండకూ వానకూ అరిగాక దాని మీద ఇసుక పేరుకుంది. ఆ ఇసుకే గట్టిపడి క్వార్ట్‌జైట్ అయింది. దీన్ని 'ఎపార్కియన్ అన్‌కన్‌ఫార్మిటీ' అంటారు. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించింది. బడిలో ఉన్నప్పుడు నాకీ సంగతి తెలియదు.

ఇప్పటి పిల్లలకైనా చూపిద్దామంటే, ఆ మలుపుల్లో బస్సు ఆపి నలభై మందిని దించడం ప్రమాదం. అందుకే 360 డిగ్రీల ఫొటోలు సిద్ధం చేసి, వీఆర్ హెడ్‌సెట్లతో మన తొమ్మిదో తరగతికి చూపించాను. అందరూ 'అబ్బా' అన్నారు. ఇద్దరికి కళ్ళు తిరిగాయి. ఏం చూశారంటే 'కొండ సార్' అన్నారు. రెండు రాళ్ళూ ఎక్కడ కలుస్తాయో ఒక్కరూ చెప్పలేదు. ఒక అమ్మాయి మాత్రం 'ఆ రాయి పట్టుకుంటే ఎట్లుంటుంది సార్?' అని అడిగింది. నా దగ్గర అయిదు హెడ్‌సెట్లున్నాయి, ఒక్క రాయి లేదు. తప్పు యంత్రానిది కాదు, నాది.

రెండోసారి వరస మార్చాను. ప్రతి బల్ల మీద గ్రానైట్ ముక్క, క్వార్ట్‌జైట్ ముక్క, గుప్పెడు స్వర్ణముఖి ఇసుక పెట్టాను. రాళ్ళు బయట సంపాదించినవే. స్మారకం నుంచి పలుకు కూడా తీయకూడదు. భూతద్దంతో చూసి బొమ్మ గీయమన్నాను. ఆ తర్వాతే హెడ్‌సెట్, అదీ కుర్చీలో కూర్చుని, మూడు నిమిషాలు. 'రెండు రాళ్ళూ కలిసే గీత ఎక్కడ?' అని ఒకటే ప్రశ్న. ఈసారి పిల్లలు గాలిలో వేలితో ఆ గీత గీసి చూపించారు. ఆ అమ్మాయి గుప్పిట్లో ఇసుక వదలకుండా, 'ఇది కూడా ఒకనాటికి కొండ అవుతుందా సార్?' అంది. కావచ్చమ్మా అన్నాను.

బడుల కోసం గూగుల్ నడిపిన 'ఎక్స్‌పెడిషన్స్' యాప్ 2021లో ఆగిపోయింది. కాబట్టి మన కొండ ఫొటోలు మన బడిలోనే ఉండాలి.

నా విన్నపం ఒక్కటే. స్వర్ణోత్సవ నిధితో హెడ్‌సెట్లు కొంటే, వాటి పక్కనే ఒక రాళ్ళ పెట్టె, భూతద్దాలు కూడా కొందాం. ఏడాదికోసారి పిల్లల్ని శిలాతోరణం దగ్గరికి తీసుకెళదాం. అక్కడ నింపాదిగా నిలబడి చూడొచ్చు. మొదటి పెట్టె నేనిస్తాను. సెలవు.