వనపర్తి హబ్షీలు: దఫ్తరాలలో వెతకవలసిన జాడలు
(వనపర్తి సభలో చేసిన ప్రసంగ పాఠం)



హైదరాబాద్‌లో మాసబ్‌ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్ అనే బస్తీ ఉంది. మీలో చాలామంది ఆసుపత్రి పనిమీదో, బంధువుల ఇంటికో ఆ దారిన వెళ్ళే ఉంటారు. ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ అని, ఆ అశ్వికదళం మూలాలు మన వనపర్తిలో ఉన్నాయని తెలిసినవారు తక్కువ. 19వ శతాబ్దంలో వనపర్తి సంస్థానాధీశుడు రాజా రామేశ్వరరావు తన సేనలో ఆఫ్రికన్ల దళాన్ని పోషించాడు. తరువాత అది నిజాం సేనలో చేరింది. రాజా దానిని స్నేహసూచకంగా నిజాముకు కానుక ఇచ్చాడని అంటారు.

ఈ 'కానుక' అనే మాట దగ్గరే మేము ఆగిపోయాం. గుర్రాలను కానుక ఇస్తారు, కత్తులను ఇస్తారు. భార్యాబిడ్డలున్న మనుషులను ఇచ్చినప్పుడు కూడా చరిత్ర అదే మాట వాడితే, మనం దానిని అలాగే చదువుకుంటూ పోవాలా?

దక్కనుకు హబ్షీల రాక వనపర్తితో మొదలు కాలేదు. బహమనీల నాటి నుంచి ఇథియోపియాలో పిల్లలను పట్టి, అరబ్బు రేవుల్లో అమ్మి, ఓడల్లో ఇక్కడికి తెచ్చేవారు. కొన్నవారు వారిని యుద్ధానికి తయారు చేసేవారు. 1548 ప్రాంతంలో పుట్టిన చాపు అనే పిల్లవాడు అలా చేతులు మారి, అహ్మద్‌నగర్ పేష్వా చంగేజ్ ఖాన్ వద్దకు చేరాడు. అతడే మలిక్ అంబర్. మనకు తుంగభద్ర అవతల ఉన్న ఆదోనిని ఏలిన సిద్ది మసూద్ ఖాన్ కూడా హబ్షీయే. అక్కడి జామియా మసీదు ఆయన కట్టించినదే. ఇలా పైకి వచ్చినవారి కథలు చెప్పుకోవడం మనకు ఇష్టం. కాని చంగేజ్ ఖాన్ కింద వెయ్యిమంది హబ్షీ బానిసలు ఉండేవారు. మలిక్ అంబర్ ఒక్కడు. మిగతావారు ఏమయ్యారు?

ఇక్కడ ఒక చేదు మాట చెప్పక తప్పదు. కొన్న సుల్తానులు ముస్లింలు. అమ్మిన వర్తకులలోనూ ముస్లింలు ఉన్నారు. బానిస మెడ విడిపించడాన్ని పుణ్యకార్యంగా చెప్పిన ఖురాన్ వారి ఇళ్ళలోనూ ఉంది. జకాత్ ఖర్చుపెట్టవలసిన పద్దులలో బానిసల విముక్తి ఒకటని వారికీ తెలుసు. హజ్రత్ బిలాల్ పేరు చెప్పి గర్వపడే మనం ఈ సంగతిని దాచిపెట్టి, వనపర్తి రాజా ఒక్కరినే వేలెత్తి చూపితే అది న్యాయం కాదు. అన్నట్టు, అదే వంశంలో అదే పేరు గల మరో రామేశ్వరరావు గారు స్వాతంత్ర్యం తరువాత ఆఫ్రికాలో మన దేశ ప్రతినిధిగా పనిచేశారు. చరిత్ర ఇలాంటి మలుపులు కూడా తిరుగుతుంది.

ఇక జాడ తీసే పని. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో షాజహాన్, ఔరంగజేబుల కాలపు దక్కన్ కాగితాలు లక్షన్నరకు పైగా ఉన్నాయి. వాటిలో 'అర్జ్-ఓ-చెహ్రా' అనే హాజరు పత్రాలు కూడా ఉన్నాయి. సైనికుడి పేరు, తండ్రి పేరు, జాతి, మేని ఛాయ, ముఖం మీది మచ్చలు రాసి, ఆ పక్కనే అతని గుర్రం రంగు, దాని ఒంటి మీది ముద్ర రాసేవారు. జీతం ఎగవేతకో, గుర్రం మార్పిడికో అవకాశం లేకుండా చేసుకున్న ఏర్పాటది. ఈనాడు మనకు అదే ఆధారం.

పేర్లను కూడా చదవడం నేర్చుకోవాలి. అంబర్, యాకూత్, మర్జాన్, కాఫూర్, సందల్: ఒకటి సుగంధం, ఒకటి కెంపు, ఒకటి పగడం, ఒకటి కర్పూరం, ఒకటి చందనం. తల్లి పెట్టిన పేరు తీసేసి, అంగడి సరుకుల పేర్లు పెట్టేవారు. హైదరాబాద్ సిద్దిఅంబర్ బజార్ మీదుగా వెళ్ళినప్పుడు ఒకసారి ఇది తలచుకోండి. పాత పత్రంలో ఇలాంటి పేరు ఉండి, తండ్రి పేరు లేకపోతే, అక్కడ ఆగి చూడాలి.

వనపర్తి దళం కాలం వేరు. 1843 నాటి బానిసత్వ చట్టం కంపెనీ పాలనలోని ప్రాంతాలకే వర్తించింది, నిజాం రాజ్యానికి కాదు. జాంజిబార్ బానిస సంత 1873 దాకా నడిచింది. కనుక ఫలానా సైనికుడు బానిసగా వచ్చాడా, జీతానికి చేరాడా, బానిసల బిడ్డగా ఇక్కడే పుట్టాడా అనేది ఒక్కొక్కరి కాగితం చూసి తేల్చవలసిన విషయం. అందరినీ ఒకే మాటతో కట్టివేయరాదు.

ఇది పాత కథల మీది మోజు కాదు. 2007 చట్టంలోని బీసీ-ఈ జాబితాలో 'సిద్ది, యాబ, హబ్షి, జసి' అనే పేర్లు ఉన్నాయి. పక్కనున్న కర్ణాటకలో ఉత్తర కన్నడ సిద్దీలను 2003లో షెడ్యూల్డ్ తెగగా గుర్తించారు. ఇక్కడివారు అలాంటి గుర్తింపు అడగాలంటే వంశచరిత్ర చూపాలి. ఆ చరిత్ర వారి చేతుల్లో లేదు. వారిని లెక్కపెట్టినవారి చేతుల్లో ఉంది.

అందుకే వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూలు కుటుంబాలను మేము కోరుతున్నాం. మీ పెట్టెల్లో సంస్థానం నాటి సనదులు, పింఛను కాగితాలు, దళం నుంచి విడుదలైన పత్రాలు ఉంటే పారేయకండి. ఉర్దూలోనో, ఫారసీలోనో ఉన్నాయని చిత్తు కాగితాల వాడికి వేయకండి. వాటి మీద ఫసలీ సంవత్సరం ఉంటే 590 కలపండి, ఇంచుమించు ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. మీ ఖబరస్తాన్‌లలోని పాత రాళ్ళ మీది పేర్లు రాసుకోండి. ఇంట్లో ఉర్దూ చదవగల నాన్నమ్మలు, తాతలు ఉండగానే వారిచేత ఆ కాగితాలు బిగ్గరగా చదివించండి. పిల్లలను పక్కన కూర్చోబెట్టి, విన్నది తెలుగులో రాయించండి. అలా రాసినవి ఈ పత్రికకు పంపితే, వచ్చే నెల నుంచి ఒక్కొక్కటిగా అచ్చువేస్తాం.